తుప్పు బండెక్కాలి

తుప్పు ముందుకాళ్ళు రెండూ బండిలో పెట్టింది. వెనక కుడికాలు ర్యాంపు పైకి తెచ్చింది. నాలుగో కాలు దగ్గరికి వచ్చేసరికి మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

"చాలు. దించెయ్," అన్నారు స్వారీ నేర్పే మాస్టారు, బోర్లించిన బకెట్టు మీద కూర్చునే.

"ఇంకొక్క కాలే కదా మాస్టారూ!"

"ఆ కాలు వాడిది, నీది కాదు. దిగాలని వాడికి తోచకముందే నువ్వు దించాలి. దించు."

సూదక్క పళ్ళు బిగబట్టి పగ్గాన్ని గుర్రం ఛాతీ వైపు కొద్దిగా కదిలించింది. తుప్పు ఒక్కో కాలూ వెనక్కి తీసుకుంటూ నేల మీదికి దిగింది. దిగి, నాలుకతో పెదవులు తడుపుకుని, మెడ కిందికి వంచింది. గుర్రం అలా మెడ వంచిందంటే మనసు కుదుటపడినట్టు. సూదక్క మనసు మాత్రం కుదుటపడలేదు. సోమవారం అయిపోవస్తోంది. శనివారానికి మధ్య ఉన్నవి నాలుగు రోజులే.

సూదక్క ఆమె సొంత పేరు కాదు. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తుంది కాబట్టి అక్కడి ఆయాలు పెట్టిన పేరు, అది ఈ గుర్రాలశాల దాకా పాకింది. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున్నే ఆరున్నరకల్లా పరగడుపున వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని నరం వెతకడం ఆమె ఉద్యోగం. ఆమెను చూడగానే పెద్దవాళ్ళు ముఖం తిప్పుకుంటారు, పిల్లలు అమ్మ చంకలో దూరిపోతారు. నాలుగేళ్ళ కిందట అక్క కూతురిని గుర్రపు స్వారీలో చేర్పించడానికి ఈ శాలకు వచ్చింది. ఆ పిల్ల మూడో వారానికే మొహం మొత్తి మానేసింది. తోడు వచ్చిన పిన్ని మిగిలిపోయింది. అప్పటికి ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. మొదట్లో జీను మీద కూర్చుంటే తుప్పు రెండడుగులు వేసినా ప్రాణాలు అరచేతిలోకి వచ్చేవి. అయినా మానలేదు. మధ్యాహ్నం మూడింటికి గేటు దగ్గర తన స్కూటర్ చప్పుడు వినగానే తల బయటపెట్టి చూసే ప్రాణి ఒకటి ఈ ఊళ్ళో ఉందని ఆమెకు అలవాటైపోయింది.

తుప్పు పట్టిన రేకు రంగు గుర్రం అది. వయసు పదకొండు. స్వారీ నేర్చుకునేవాళ్ళకు దానంత నెమ్మదైనది లేదని శాలలో అందరూ ఒప్పుకుంటారు. ఉన్నది ఒకటే పేచీ. బండి ఎక్కదు. ఇక్కడికి తెచ్చినప్పుడు దారిలో డ్రైవరు సడన్‌గా బ్రేకు వేస్తే లోపల మోకాళ్ళ మీద పడిందట. అప్పటినుంచి దానికి బండి అవసరమూ రాలేదు, ఎవరూ ఎక్కించనూ లేదు.

ఇప్పుడు అవసరం వచ్చింది. శాల ఉన్న స్థలంలో గోడౌన్ కడుతున్నారు. ఎనిమిది గుర్రాలూ నలభై అయిదు కిలోమీటర్ల అవతలి కొత్త చోటికి వెళ్ళాలి. నడిపించి తీసుకెళ్దామంటే మధ్యలో పెద్ద వంతెన. దాని మీద పశువులను నడవనివ్వరు. యజమాని ఆ రోజు పొద్దున్నే ఫోను చేసి తేల్చి చెప్పేశాడు.

"చూడక్కా, శనివారం లారీ రెండు ట్రిప్పులు తిరుగుతుంది. వీడు ఎక్కితే వస్తాడు. ఎక్కకపోతే పార్కు ఆయనతో మాట్లాడాను, సాయంత్రం వచ్చి నడిపించుకుపోతాడు. నాకు మాత్రం సరదానా చెప్పు?"

పార్కు పక్కవీధే. పిల్లలను ఎక్కించుకుని తారురోడ్డు మీద పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా తిరగడం అక్కడి గుర్రాల పని.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కంచం ముందు కూర్చుని వేళ్ళతో కెలుకుతూ ఉండిపోయింది. ఆమె భర్త బస్సు కండక్టరు. పూటకు ఎనిమిది వందల మందిని ఎక్కించి దించే మనిషి.

"ఏంటే, మీ తుప్పుగారు ఫుట్‌బోర్డు మీదే వేళ్ళాడుతున్నాడా ఇంకా?" అన్నాడు.

"మీకు అన్నీ ఎగతాళే."

"ఎగతాళి కాదు. ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా చెప్తే కొట్టి పెడతాను."

ఆమె నవ్వలేదు. అతను గ్లాసు కింద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. "ఎక్కుతాడులే. మా బస్సులో ఎక్కనని భీష్మించుకున్నవాళ్ళు కూడా చివరికి ఎక్కేస్తారు."

"తోస్తారు కాబట్టి ఎక్కుతారు. వీణ్ణి తోస్తే జన్మలో ఎక్కడు."

మంగళవారం కాస్త ఊపిరి పీల్చుకుంది. శాల వెనక ఇంజను పోయిన పాత గుర్రాల బండి ఒకటి ఉంది. సాధన అంతా దాంతోనే. మాస్టారు చెప్పే పద్ధతి వినడానికి తేలిక, చెయ్యడానికి చచ్చేంత కష్టం. ఒక కాలు పెట్టగానే దించు. రెండు కాళ్ళు పెట్టగానే దించు. లోపలికి వెళ్ళడం ఎంతసేపు నేర్పుతావో బయటికి రావడం దానికి రెట్టింపు సేపు నేర్పు. దారి తన వెనక తెరిచే ఉందని గుర్రానికి నమ్మకం కుదిరితే లోపల నిలబడుతుంది. పగ్గం పట్టుకుని లాగితే నీకంటే పదింతల బరువున్న జంతువుతో తాడులాట ఆడినట్టే, గెలిచేది ఎవరో చెప్పక్కర్లేదు.

డెబ్భై దాటిన మనిషి మాస్టారు. మోకాలు అరిగిపోయి ఇప్పుడు గుర్రమెక్కలేరు. బకెట్టు మీదనుంచే చేతికర్రతో చూపిస్తూ నేర్పుతారు. ఆ సాయంత్రం అయిదింటికి తుప్పు నాలుగు కాళ్ళతో లోపలికి వెళ్ళి, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు నిలబడి, ఆమె అడగ్గానే దిగింది. సూదక్క దాని మెడ కావలించుకుంది.

"రేపు నేను రాను," అన్నారు మాస్టారు. "మోకాలికి కరెంటు పెట్టించుకోవాలి. రేపు కూడా ఇదే చెయ్యి. నాలుగు కాళ్ళు, మూడంకెలు, బయటికి. అడ్డగొట్టం జోలికి మాత్రం పోకు. అది వేసేటప్పుడు నేనుండాలి."

అడ్డగొట్టం అంటే గుర్రం లోపలికి వెళ్ళాక దాని వెనక అడ్డంగా బిగించే ఇనుపగొట్టం. ఒక చివర బండి గోడకు కీలు మీద తిరుగుతుంది, రెండో చివర కొక్కెంలో పడ్డాక చీల దించాలి. అది లేకుండా బండి కదలకూడదు.

బుధవారం ఆమె అలాగే మొదలుపెట్టింది. నాలుగు కాళ్ళు, మూడంకెలు, బయటికి. రెండోసారి అయిదంకెలు. మూడోసారి పదంకెలు. తుప్పు చెవులు నిశ్చింతగా పక్కలకు వాలి ఉన్నాయి. అప్పుడు ఆమెకు ఆశ పుట్టింది. గొట్టం కూడా ఈ రోజే వేసేస్తే మాస్టారు రేపు వచ్చేసరికి సగం బరువు దిగిపోతుంది కదా!

ఆమె తనకు చేతనైన పద్ధతే ఎంచుకుంది. ల్యాబులో భయపడే పిల్లలకు ఆమె చేసేది ఒకటే. కిటికీ అవతల ఏదో చూపిస్తుంది. "ఏం లేదు, ఏం లేదు నాన్నా," అని తీయగా అంటూ, ఆ పిల్లాడు అటు తిరిగిన క్షణంలో సూది దించేస్తుంది. వాడు ఏడవడం మొదలుపెట్టేసరికి దూది కూడా పెట్టేస్తుంది. ఆసుపత్రి మొత్తంలో ఆమె చెయ్యంత తేలిక చెయ్యి లేదని పేరు.

బండి లోపల ముందువైపు తొట్టెలో దాణా పోసింది. తుప్పు లోపలికి వచ్చి మూతి అందులో పెట్టింది. "ఏం లేదు, ఏం లేదు నాన్నా," అంటూ ఆమె పగ్గం దాని మెడ మీద వదిలేసి, పక్క తలుపులోంచి దిగి, నాలుగంగల్లో వెనక్కి వచ్చి, గొట్టాన్ని ఊపుగా తోసింది. కొక్కెంలో పడ్డ చప్పుడు ఖంగుమంది. చీల కోసం చెయ్యి చాచేలోపే, ఆ చప్పుడుకు వెనక్కి జరిగిన తుప్పు పిరుదులకు గొట్టం తగిలింది.

ఆ తరవాత జరిగింది ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. గిట్టలు రేకు మీద జారిన చప్పుడు, గొట్టం కొక్కెంలోంచి ఊడి గోడకు కొట్టుకోవడం, అంత పెద్ద ఒళ్ళు వెనక్కి విసిరేసినట్టు బయటికి రావడం. ఆమె పక్కకు దూకకపోతే కిందపడి నలిగేది. తుప్పు ర్యాంపు అంచుకు వెనక కాలు రాసుకుని, ఆవరణ మధ్యదాకా పరుగెత్తి, అక్కడ నిలబడి ఒళ్ళంతా వణుకుతూ ఆమెను చూసింది.

ఆమె దగ్గరికి వెళ్తే తుప్పు ఒక అడుగు వెనక్కి వేసింది. నాలుగేళ్ళలో ఎప్పుడూ అలా వెయ్యలేదు. పావుగంట నిలబడితే గానీ పగ్గం అందనివ్వలేదు. కాలి మీద రెండు వేళ్ళంత మేర తోలు లేచిపోయింది. ఆమె ఉప్పునీళ్ళతో కడిగి మందు రాసింది.

గురువారం మాస్టారు వచ్చి ముందు ఆ కాలే చూశారు.

"ఇదేంటి?"

"దాణా తొట్టెకు రాసుకున్నట్టున్నాడు మాస్టారూ." అబద్ధం నోట్లోంచి అంత సాఫీగా వస్తుందని ఆమె అనుకోలేదు.

"సరే, బండి దగ్గరికి తీసుకురా," అన్నారు.

తుప్పు బండికి ఇరవై అడుగుల దూరంలోనే ఆగిపోయింది. తల పైకెత్తింది. ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. ఆమె "ఏం లేదు నాన్నా, ఏం లేదు," అంది. చెవులు రెండూ వెనక్కి పడిపోయాయి. ఇంకోసారి అంది. తుప్పు రెండడుగులు వెనక్కి వేసింది.

మాస్టారు కర్ర మీద గడ్డం ఆనించుకున్నారు. "తొట్టెకు రాసుకున్న గుర్రం తొట్టెను చూసి బెదరాలి. వీడేంటమ్మా బండిని చూసి బెదురుతున్నాడు?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. జరిగింది జరిగినట్టు చెప్పేసింది. దాణా, పక్క తలుపు, చీల పడకపోవడం, అన్నీ. చెప్పడం అయ్యాక తిట్ల కోసం తల వంచుకుని నిలబడింది.

"నేను తిట్టను," అన్నారాయన. "తిడితే రేపు జరిగేది కూడా దాస్తావు. ఇంకో సంగతి గమనించావా? నువ్వు 'ఏం లేదు' అన్నప్పుడల్లా వాడి చెవులు ఎటు పోతున్నాయి?"

"వెనక్కి."

"ఆ మాట తరవాత ఏం వస్తుందో వాడికి తెలిసిపోయింది. పిల్లలతో నీకు ఒక్క నిమిషం పని. తరవాత వాళ్ళ మొహం నువ్వు చూడక్కర్లేదు. వీడితో అలా కాదే! మోసం చేసి మూశావంటే రేపు మళ్ళీ మోసం చెయ్యాలి, అది వాడు పడనివ్వడు."

"ఇప్పుడెలా మాస్టారూ? రెండు రోజులే ఉంది."

"మూసేది మొత్తం వాడికి చూపించి మూద్దాం. శనివారానికి అవుతుందా అంటే నేను చెప్పలేను. అబద్ధం ఎందుకాడాలి?"

ఆ మాటతో ఆమెకు ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది. కానీ చెయ్యడానికి పని దొరికింది. బండికి దూరంగా, తుప్పు గదిలోనే మొదలుపెట్టారు. ఒక పొడుగాటి వెదురుకర్రకు గోనెపట్టా చుట్టి, దాన్ని ముందు తుప్పుకు వాసన చూపించి, భుజానికి ఆనించి, వీపు మీదుగా జరిపి, పిరుదుల దగ్గరికి తెచ్చింది. కండ బిగుసుకోగానే ఆపింది. బిగువు వదలగానే కర్ర తీసేసింది. నలభైసార్లు. యాభైసార్లు. చెయ్యి పీకేసింది. చీకటిపడే వేళకు కర్ర పిరుదులకు ఆనించి కొద్దిగా నొక్కితే తుప్పు వెనక కాలొకటి సడలించి నిలబడింది.

శుక్రవారం బండి దగ్గరికి వెళ్ళారు. ఖాళీ బండికి గొట్టం వేసి, తీసి, ఆ ఖంగుమనే చప్పుడు దూరంనుంచి వినిపించారు. తరవాత కాస్త దగ్గరనుంచి. ఆమె ఇప్పుడు ఒక్క తీపి మాట కూడా అనడం లేదు. మామూలు గొంతుతో "పద", "ఆగు", "వెనక్కి", అంతే. నాలుగున్నరకు నాలుగు కాళ్ళూ లోపలికి వచ్చాయి. గొట్టం సగం దాకా తెచ్చి తీసేశారు. చీల మాత్రం ఒక్కసారి కూడా వెయ్యలేదు.

అదే సమయానికి పార్కు ఆయన గుర్రాన్ని ఒకసారి చూసిపోవడానికి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. తుప్పు మెడ నిమిరాడు, పళ్ళు చూశాడు, కాలి మీద దెబ్బకు ఏం మందు రాశారని అడిగాడు. "మా దగ్గర బానే ఉంటాడమ్మా, పిల్లలు తీపి బిళ్ళలు పెడతారు," అన్నాడు. అతను ఎక్కి వచ్చిన గుర్రం గేటు బయట కట్టేసి ఉంది. కళ్ళ కింద ఈగలు ముసురుతుంటే చెవి కూడా ఆడించడం లేదు. తల్లో ఎవరూ లేనట్టు నిలబడి ఉంది. సూదక్క దాన్ని చూసి చూపు తిప్పుకుంది. తననుంచి ఆసుపత్రిలో మనుషులు తిప్పుకున్నట్టే.

శనివారం ల్యాబులో డ్యూటీ మార్చుకుని ఆరింటికే వచ్చేసింది. భర్త కూడా సెలవు పెట్టి వెంట వచ్చాడు. "డ్రైవర్లతో మాట్లాడటం నీకు రాదు, నేను చూసుకుంటా," అన్నాడు. మొదటి ట్రిప్పులో నాలుగు గుర్రాలు వెళ్ళిపోయాయి. లారీ తిరిగి వచ్చేసరికి పదకొండు. రెండో ట్రిప్పులో మూడు సునాయాసంగా ఎక్కాయి. చివర మిగిలినది తుప్పు.

ఇది ఆ పాత బండి కాదు. పెద్దది, ఎత్తైనది, వేడి ఇంజను వాసన కొడుతోంది. ర్యాంపు ఇంకా నిటారుగా ఉంది.

"ఒంటిగంటకల్లా లారీ షెడ్డులో పెట్టాలి నేను," అన్నాడు డ్రైవరు గడియారం చూసుకుంటూ. "పది నిమిషాలు చూస్తా. తరవాత నా వల్ల కాదు."

ఇద్దరు పనివాళ్ళు తాడు, చీపురుకట్ట పట్టుకుని వచ్చారు. "వెనకనుంచి తాడేసి లాగేద్దాం అక్కా, రెండు నిమిషాల పని!"

"వద్దు. వెనక ఎవరూ నిలబడొద్దు. దయచేసి," అంది ఆమె. వాళ్ళు యజమాని వైపు చూశారు. అతను విసుగ్గా చెయ్యి ఊపాడు.

ఆమె తుప్పుని ర్యాంపు దగ్గరికి తెచ్చింది. వాసన చూడనిచ్చింది. రెండు కాళ్ళు పెట్టింది. దించేసింది.

"ఓరి నాయనో, ఎక్కేదాన్ని దించుతుందేంటి ఈవిడ!" అని డ్రైవరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అన్నా, ఇలా రా, ఏ రూటు నీది?" అంటూ సూదక్క భర్త అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నేనూ బస్సులో ఇరవై ఏళ్ళు. ఎక్కేవాళ్ళు ఎక్కేదాకా బెల్లు కొట్టకూడదు కదా మనం? ఓ టీ తాగుదామా?"

"టీ తాగితే పది నిమిషాలు అక్కడే అయిపోతాయి సార్."

"అందుకే తాగుదామంటున్నా."

డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. అలా ఇంకో అయిదు నిమిషాలు దొరికాయి.

రెండోసారి నాలుగు కాళ్ళూ లోపలికి వెళ్ళాయి. పనివాళ్ళలో ఒకడు "భలే!" అని అరిచాడు. తుప్పు ఉలిక్కిపడింది. ఆమె వెంటనే బయటికి తెచ్చేసింది. యజమాని ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం ఆమె కంటి చివర కనబడింది. పార్కు ఆయనకే అయి ఉంటుంది. కింద బకెట్టు మీద కూర్చున్న మాస్టారు ఏమైనా అంటారేమోనని చూసింది. కర్ర పట్టుకున్న ఆయన చేతివేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

"ఏవండీ, మీరు రండి," అంది భర్తతో. "గొట్టం మీరే వెయ్యాలి. నేను చెప్పిందే చెయ్యండి. ఎవరేమన్నా వినకండి."

మూడోసారి తుప్పు లోపలికి వచ్చి మిగతా గుర్రాల పక్కన నిలబడింది. ఆమె తల దగ్గర ఉంది. "మెల్లగా తీసుకురండి. వాడికి కనబడేలా, పక్కనుంచి."

గొట్టం కదిలింది. తుప్పు ఒక చెవి వెనక్కి తిప్పింది. గొట్టం వచ్చి పిరుదులకు ఆనింది. ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. ఆమె అరచేతిలో పగ్గం తడిసి జారుతోంది.

"వేసెయ్ బాబూ చీల! వేసెయ్! ఇంకేం చూస్తున్నావ్!" అని కిందనుంచి యజమాని కేక పెట్టాడు.

భర్త చెయ్యి చీల మీదే ఉంది. రెండంగుళాలు దించితే పని అయిపోతుంది. ఆమెకు అది తెలుసు. బుధవారం కూడా ఇదే తెలుసు. భర్త ఆమె ముఖంలోకి చూశాడు. తుప్పు కంటి కొనలో తెల్లగుడ్డు కనబడుతోంది. ఇప్పుడు మూస్తే బహుశా నిలబడుతుంది. బహుశా నిలబడదు. పక్కన మూడు గుర్రాలున్నాయి, భర్త వెనకే ఉన్నాడు.

"తీసెయ్యండి," అంది. "పూర్తిగా తీసి పక్కకు జరగండి."

అతను తీసేశాడు. ఆమె తుప్పుని ర్యాంపు మీదుగా నేల దాకా దించింది. యజమాని "అయిపోయింది, ఇంక నేనేం చెయ్యలేను," అంటూ గేటు వైపు నడిచాడు. డ్రైవరు క్యాబిన్ మెట్టు మీద కాలు పెట్టాడు. తుప్పు పెద్దగా ఊపిరి వదిలింది. మెడ వంచింది. లోపలినుంచి ఒక గుర్రం సకిలించింది.

ఆమె పగ్గం వదులుగా పట్టుకుని ర్యాంపు వైపు తిరిగి నిలబడింది. లాగలేదు. తుప్పు తనంతట తానే ముందుకాలు రేకు మీద వేసింది. తరవాత రెండోది. ర్యాంపు కిర్రుమంది. నాలుగు కాళ్ళూ లోపలికి వచ్చాయి.

"గొట్టం."

వచ్చి ఆనింది. ఈసారి కూడా కండ బిగిసింది. ఆమె లెక్కపెట్టింది. ఏడు దగ్గర కండ వదిలింది. వెనక కాలొకటి సడలింది.

"చీల."

టక్కుమంది. తుప్పు తల ఎత్తింది. ఆమె ఊపిరి బిగబట్టబోయి, గుర్తొచ్చి, వదిలింది. వెనక అడ్డు పడ్డాకే తల కట్టాలి, ఆ వరస తప్పకూడదు. పగ్గాన్ని కడ్డీకి ముడి వేసింది, ఒక్క లాగుకు ఊడే ముడి. పక్క తలుపులోంచి దిగి మెట్టు మీద కూర్చుంది. పనివాళ్ళు ర్యాంపు లేపారు. యజమాని గేటు దగ్గరనుంచి వెనక్కి వచ్చి, లారీని ఒకసారి, ఆమెను ఒకసారి చూసి, ఫోనులో "వద్దులే అన్నా, మళ్ళీ మాట్లాడతా," అన్నాడు.

మాస్టారు మాత్రం, "వెళ్ళి వెనకే ఉండండి," అన్నారు. "అసలు పరీక్ష ఇప్పుడు."

లారీ కదిలింది. వెనక స్కూటర్ మీద ఇద్దరూ. లారీ వెనక చెక్కల సందుల్లోంచి తుప్పు రంగు ఒళ్ళు పట్టీలు పట్టీలుగా కనబడుతోంది. మొదటి మలుపు నెమ్మదిగా తిరిగింది. సడన్‌గా బ్రేకు వెయ్యొద్దని డ్రైవరుకు చెప్పిన మాట గుర్తున్నట్టుంది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర లారీ ఎగిరి దిగింది. లోపలనుంచి ధడేలుమని తన్నిన చప్పుడు వచ్చింది.

డ్రైవరు లారీ నెమ్మది చేసి కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. స్కూటర్ కూడా నెమ్మదించింది.

"ఆపమంటావా?" అన్నాడు భర్త.

ఆపితే దించాలి. దించితే ఈ రోడ్డు పక్కన మళ్ళీ ఎక్కించాలి. ఆపకపోతే లోపల ఏం జరుగుతుందో ఈ సందుల్లోంచి పూర్తిగా కనబడదు. ఆమె చెవులు రిక్కించింది. ఇంజను చప్పుడు. పక్కనుంచి వెళ్ళే బస్సు చప్పుడు. రెండో తన్ను కోసం చూసింది. రాలేదు. సందుల్లో ఆ పట్టీలు అటూ ఇటూ జరిగాయి, కాళ్ళు ఎడంగా పెట్టుకుని బరువు సర్దుకునేటప్పుడు జరిగినట్టు. తోక ఒకసారి ఊగి చెక్కకు తగిలింది.

ఆమె చెయ్యెత్తి డ్రైవరుకు పొమ్మని సైగ చేసింది.

"దగ్గరగా పోనివ్వండి," అంది భర్త భుజం గట్టిగా పట్టుకుని. "మరీ దగ్గరగా కాదు. నాకు వాడి కాళ్ళ చప్పుడు వినబడేంత."

ముందు ఇంకా నలభై మూడు కిలోమీటర్లు ఉంది.